రమణి గేటు మీది కాగితం పూలు

ఏటమ్మా నీలిమా, పెద్ద పువ్వులే కావాలేటి? ముందు కూకో, ఆ స్టూలు లాక్కో, మట్టుంటాది, సూసి కూకో. కొత్తిల్లు కట్టినోలందరూ ఇదే అడుగుతారు. గేటు కాడ కొట్టొచ్చినట్టు కనపడాల, బస్సులో పోయేవోడు తల తిప్పి సూడాల. మల్లంటే వద్దు, జాజంటే వద్దు, వాసన ఫొటోలో పడదు కదా మరి. మొన్నొకామె కారేసుకుని వచ్చి ఫోను తెచ్చి నా మొకం మీద పెట్టీసినాది. నీలం రంగు పువ్వు, బుట్టంత ఉన్నాది. "ఇదే కావాల మావా" అంటాది. అమ్మా, అది మంచు పడే కొండల్లో పువ్వు, మన ఎండకీ ఉప్పుగాలికీ వారం బతకదు అన్నాను. "అయితే దాని గదిలో ఏసీ పెట్టీస్తాను" అంటాది. మొక్కకి ఏసీ అట! మన ఇసక నేలకి పడేవి ఉన్నాయి కాదేటి, ముద్దమందారం లేదా, దేవగన్నేరు లేదా, మెట్టతామర లేదా. పచ్చగన్నేరు మాత్రం పెట్టకు, మీ ఇంట్లో ఆవున్నాది, తింటే విషం. ఏటీ? రమణి గేటు మీద ఉన్నాదే, ఆ రాణిరంగు కాగితం పూలు, అలాటిదే కావాలా? ఎప్పుడు సూసేవు? నిన్నా? పూసి ఉన్నాదా? నీ కల్లతో నువ్వు సూసినావా, ఎవులైనా సెప్పినారా? ఆకు కూడా కనపడకుండా పూసినాదా. ఊఁ. కాదులే, ఊరికే అడిగినాను. నాను ఆ వీధికెల్లక సాన్నాలయినాది, అందుకని.

అది నా నర్సరీ మొక్కే. నా సేత్తో నానే తీసుకెల్లి తొట్టిలో పెట్టినాను. రమణి అడిగి పెట్టించుకున్నది కాదు, ఆలాయన కూర్మారావు పెట్టించుకున్నాడు. నువ్వెరగవులే, తితిలీ తుపాను ముందు మాట, నువ్వప్పటికి బల్లోకెల్లేదానివి. కూర్మారావంటే పదెకరాల కొబ్బరి, కొబ్బరి కింద జీడిమామిడి, గట్టు మీద పనస. మనిషి తాటిమాను లాగుండేవోడు. నన్ను బావా అనేవోడు. వరసేటీ లేదు, రమణి నన్ను అన్నయ్యా అంటాది కదా, దాన్ని పట్టుకుని ఆడు బావా అనీసేవోడు. ఆడి దాహం గురించి మా ఈడోలందరూ సెప్పుకునేవోలు. తోటలో పని సేసొచ్చి బొండం కొట్టమంటే ఒకటి కాదు, మూడు, నిలబడే. గడగడా గుటక పడతా ఉంటే పక్కన నిలబడ్డోడికి దాహం ఏసేది. "ఒరే కూర్మీ, గెడ్డ కాలవలో నోరు పెట్టీకురా, కింద మా మడులు ఎండిపోతాయి" అనేవోడు మా అన్న. ఆడు నవ్వేవోడు, నవ్వి ఇంకో ముంత మజ్జిగ అడిగేవోడు.

అలాటోడికి కిడ్నీలు పోనాయి. మన ఉద్దానంలో అది కొత్త మాటా ఏటి. "పోనాయి" అంటే ఏటి పోనాయని ఎవులూ అడగరు. వారానికి రెండుసార్లు రైలెక్కి సికాకోలం ఎల్లడం, మిషను మీద రక్తం కడిగించుకోడం, సాయంత్రం బండికి రావడం. ఎడం సెయ్యికి సూది పెట్టే నరం తేలిపోయి తాడులాగుండేది, ఆ సేత్తో బకెట్టు ఎత్తకూడదు. అదంతా ఆడు ఓర్సుకున్నాడు. నీల్లు దగ్గరే ఓర్సుకోలేకపోనాడు. రోజుకి లీటరు అన్నాడు డాక్టరు. టీ, పులుసు, మాత్ర మింగే గుక్క, అన్నీ అందులోనే. ఒంటేలు రాదు కదా ఆలకి, తాగింది తాగినట్టు ఒంట్లో ఉండిపోయి ఊపిరికి అడ్డం పడతాది. పదెకరాల కొబ్బరుండి బొండం ముట్టుకోడానికి లేదు. రమణి సంగతి నీకు తెలుసు కదా, పిట్టంత మనిషి, మాట తక్కువ. పొద్దున్నే స్టీలు మరసెంబులో ఆడి నీల్లు కొలిసి మూత బిగించీసేది. సెంబు లోపల మేకుతో గీత గీసుకున్నాది. ఆ గీత దాటనిచ్చేది కాదు. తాగే నీల్ల క్యాను గదిలో పెట్టి తాలం, తాలంసెవి కొంగుకి. "ఒక్క గుక్క రమణీ" అంటే నిమ్మతొక్క ముక్క నోట్లో పెట్టేది. "ఇది జైలా ఏటే?" అని ఆడు అరిస్తే "జైలే. నువ్వు బతికుండే జైలు" అనేది. పెరట్లో బోరుండేది గాని ఆ నీల్లు ఎవులూ నోట్లో పోసుకోరు, దాని వల్లే జబ్బని ఊరోల నమ్మకం. నిజమో కాదో నాకు తెల్దు. అంట్లకీ బట్టలకీ మొక్కలకీ ఆ నీల్లు.

ఎండలు ముదిరినాక ఒకపాలి ఎవుడి బండెక్కో వచ్చి దిగినాడు ఇక్కడ. మొకం ఉబ్బి, కాల్లు సన్నబడి. "బావా, పెద్ద పెద్ద పువ్వులు పూసే మొక్కియ్యి. నీల్లు తెగ తాగేదవ్వాల" అన్నాడు. నాకు నవ్వొచ్చినాది. ఒరే, అందరూ తక్కువ తాగేది అడుగుతారు, నీకిదేటిరా అన్నాను. "నాను తాగలేను కదా బావా, అదైనా తాగుతా ఉంటే సూసుకుంటాను" అన్నాడు. ఆ మాటకి డబ్బులు పుచ్చుకోబుద్ది కాలేదు. మెట్టతామర ఇచ్చినాను, ఎర్రది. అరిటాకు లాటి ఆకు, అరసెయ్యంత పువ్వు. కాలవ గట్టు మొక్క అది, రెండ్రోజులు నీరు తగలకపోతే ఆకు అంచు కాలిపోతాది. గేటు కాడ సిమెంటు తొట్టిలో పెట్టు, పొద్దున సెంబుడు, సాయంత్రం సెంబుడు పొయ్యి అని సెప్పి పంపినాను. రమణి ఎంత సంబరపడ్డాదో. "మొక్క మీద మనసు పడితే నీల్ల మీద ద్యాస తగ్గుతాది అన్నయ్యా" అన్నాది. ఆడు బకెట్టు ఎత్తకూడదు కదా, ఈయమ్మే బోరు కాడ సెంబు నింపి సేతికిచ్చేది. ఆడు నడుసుకుంటా గేటు కాడికి ఎల్లి, ఇంటికి వీపెట్టి కూకునేవోడు. అలా ఎంతసేపో కూకునేవోడట, మొక్కతో మాటాడుతున్నాడనుకునేవోలు.

నెలా నెలన్నర పోయినాక కొబ్బరి పీసు కోసం ఆల ఇంటికి ఎల్లినాను. నర్సరీకి పీసు కావాల, మట్టిలో కలిపితే తడి ఆగుతాది, అది వేరే సంగతిలే. గేటు కాడ సూద్దును కదా, మెట్టతామర అంచులు కాలిపోయి ఆకులు సుట్టుకుపోనాయి. తొట్టిలో యేలు పెట్టినాను. రెండు కనుపుల లోతు దాకా బూడిదే. రోజూ రెండు సెంబులు పడ్డ మట్టి కాదది. నలభయ్యేల్లుగా మట్టి ముడతన్నాను, మట్టి నాకు అబద్దం సెప్పదు. పురుగేమో, ఉప్పేమో అనుకుంటా గేటు పక్కనున్న పీసు గుట్ట ఎనక్కి ఎల్లి బస్తా ఎత్తుకుంటన్నాను, ఈలోగా కూర్మారావు సెంబు పట్టుకుని వచ్చినాడు. నన్ను సూడలేదు. ఇంటికి వీపెట్టి కూకున్నాడు. సెంబెత్తినాడు. ఆ గుటక నాకు తెలుసమ్మా, ఎంత దూరంలో ఉన్నా ఆడి గుటక నాకు తెలుసు. అడుగున మిగిలిన కాసిని మొక్కకి పోసి, మీసం తుడుసుకుంటా ఇటు తిరిగినాడు. "బావా" అన్నాడు. ఊఁ అన్నాను. "సూసేవా?" సూసినాను అన్నాను. "ఆయమ్మకి సెప్పకు. సెప్తే ఈ సెంబు కూడా ఇవ్వదు." సచ్చిపోతావురా అన్నాను. "రోజంతా నీల్ల గురించే బావా. అన్నం తింటన్నా అదే, రైల్లో అదే. కన్ను మూస్తే గెడ్డ పారతా వత్తాది" అన్నాడు. నాను బస్తా కింద పెట్టినాను. ఆడు మొక్కకేసి సూసినాడు. "ఇది నన్ను పట్టిచ్చీసేలాగున్నాది. నీల్లు పొయ్యకపోయినా పెద్దగా పూసేది ఏదైనా ఉన్నాదేటి నీ దగ్గిర?"

సూడూ, మనిషొచ్చి అడిగితే మొక్క పేరు సెప్పడం నా పని. ఎండంటే ఇది, నీడంటే అది. ఆలోసించక్కర్లేదు, నోరే సెప్పీసుద్ది. కాగితం పువ్వు అన్నాను. ఒక్క నిమిషం ఆగుంటే ఏటనేవోన్నో నాకు తెల్దు. ఆగలేదు. దాని తత్వం ఏటంటే, నీల్లు పోత్తే పచ్చగా ఆకేసుకుంటా కూకుంటాది. ఎండగట్టినావనుకో, పేనం మీదకొచ్చినట్టు విరగబూత్తాది. మర్నాడే ఆటోలో ఏసుకెల్లి ఆ తొట్టిలోనే పెట్టి వచ్చినాను. రమణి నాకు టీ ఇచ్చినాది.

వానలు పోయి, మంచు పోయి, మాగమాసం వచ్చేసరికి గేటంతా రాణిరంగు. కంచిలి బస్సులోలు తొంగి సూసేవోలు. "కూర్మారావు సెయ్యి మంచి సెయ్యి. తనకి నీల్లు లేకపోయినా మొక్కకి ఎలగ పోత్తన్నాడో సూడు" అనుకునేవోలు. రమణికి ఎంత గర్వమో, సెంబు అంచు దాకా నింపి ఇచ్చేది. అక్కడ సికాకోలంలోనేమో బరువు తూసే నర్సమ్మ కేకలు. "ఆరు కేజీలు పెరిగినాడు, ఎక్కువ తాగిత్తన్నావు" అని. ఈయమ్మ ఒట్లు పెట్టుకునేది. ఇంటికొచ్చి మరసెంబులో గీత యేలుడు కిందకి దించి గీసేది. పులుసు మానిపించినాది, మజ్జిగ మానిపించినాది. ఇటు ఈయమ్మ గీత దించడం, అటు ఆడు సెంబెత్తడం. ఒకపాలి ఇక్కడికొచ్చి, "అన్నయ్యా, కొలత ఎక్కడ తప్పుతున్నానో తెలడం లేదు" అన్నాది. నాను పేడ జల్లించుకుంటన్నాను. జల్లించుకుంటానే ఉన్నాను.

పాల్గునంలో పోనాడు. మిషనుకి ఎల్తా ఎల్తా రైల్లోనే. పలాసలో బాగానే ఉన్నాడట, జీడిపప్పు బేరం ఆడినాడట కూడా. హరిశ్చంద్రపురం వచ్చేసరికి ఆయాసం. కిటికీ కాడ కూకోబెట్టినారట. మరసెంబు తీసి పొయ్యనా అని రమణి అడిగితే వద్దని సెయ్యూపినాడట. గీత దాకా అలాగే ఉన్నాయట నీల్లు.

దినం అయిపోయిన మర్నాటి నుంచి రమణి ఆ మొక్కకి పోసే సెంబు తను పట్టుకున్నాది. "ఆయన సేసే పని ఇదొక్కటే మిగిలినాది అన్నయ్యా" అన్నాది. పొద్దున సెంబుడు, సాయంత్రం సెంబుడు, అంచు దాకా. ఆ ఏడు పుయ్యలేదు. మరుసటి ఏడూ లేదు. ఆయనతోటే పోనాది మొక్క అనుకున్నారు జనం. తితిలీకి కొబ్బరంతా పడిపోనాది, ఇదీ మొదలంటా ఇరిగిపోనాది, ఆయమ్మ ఆ మోడుకే పోసినాది. మల్లీ సిగురెట్టి గోడెక్కినాది. ఆకే, ముల్లే. నాకు తెలుసు ఎందుకు పుయ్యదో. తెలుసు గనకే ఆ వీధికి ఎల్లడం మానేసినాను. ఒకటా రెండా, తొమ్మిదేల్లు పోసినాదమ్మా.

నిరుడు వానలకి ముందు ఇక్కడికొచ్చినాది. నువ్వు కూకున్నావే, ఆ స్టూలు మీదే. "అన్నయ్యా, పీకీమంటన్నారు. ముల్లు తప్ప పువ్వు లేదు, బల్లోకెల్లే పిల్లలకి గీరుకుంటన్నాదట. నాకు పీకబుద్ది కాదు. ఆయన పోసినన్నే పోత్తన్నాను, అదే సెంబు, ఒక్క పూట తప్పలేదు. ఎందుకు పుయ్యదు?" అన్నాది. ఎరువు సాలదు అనొచ్చు. ఎండ తగలడం లేదు అనొచ్చు. ఆయన సెయ్యి అలాటిదమ్మా అనీసుంటే కల్లొత్తుకుని ఎల్లిపోయేది. నోటి దాకా వచ్చినాది కూడా. గాని మొక్క గురించి అడిగినాది కదా. "నీల్లు మానీయమ్మా" అన్నాను. "ఎన్నాల్లు మానాల?" "అసలు వద్దు. దానికి నీల్లు పోత్తే పుయ్యదు." ఆయమ్మ నాకేసి సూసినాది. "మరి ఆయన పోసినప్పుడు పూసినాది కదా?" అన్నాది. నాను సంచీ తీసుకుని మట్టి నింపినాను. ఇంకో సంచీ నింపినాను. నా సేతులకేసే సూత్తా కూకున్నాది. సివరికి "అలాగా" అన్నాది. లేసి సీరకి అంటిన మట్టి దులుపుకుని ఎల్లిపోనాది. ఆటో ఆగినా ఎక్కలేదు, ఎండలో నడిసే ఎల్లినాది. అంతే, మల్లీ ఇటు రాలేదు. పీకీసినాదో, పోత్తానే ఉన్నాదో, ఎవుల్నీ అడగలేదు నాను.

ఆకు కనపడకుండా పూసినాదన్నావు కదూ.

ఊఁ.

...ఇంతకీ మీ ఇల్లు తూరుపు మొకమా? అయితే మందారం తీసుకెల్లు. ఎర్ర ముద్దమందారం, అదిగో ఆ సివర ఉన్నాది. కాగితం పువ్వు నీకెందుకు, వద్దు. మందారమైతే ఒక్క పూట నీల్లు పొయ్యకపోతే సాయంత్రానికి తల వాల్సీసి సెప్పీసుద్ది. పట్టుకో, సంచీ అడుగు తడిగా ఉన్నాది, సీర జాగర్త.