ఏలక్కాయ తొక్కల నూనె

“అమ్మమ్మా, ఈ సెంటులో ఏలక్కాయ ఉందట. పాయసంలో వేసేది సెంటులో కూడా వేస్తారా?”

ఏదీ, ఇలా తే... ఆఁ, ఉంది. మీ తాతగారు కూడా నమ్మలేదమ్మా ఈ మాట. ఆయన మస్కట్ నుంచి మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు, ఎనభైలోనో... కాదు కాదు, డెబ్భై తొమ్మిది. మీ అమ్మకి రెండేళ్ళు నిండలేదు. అది కడుపులో ఉండగా వెళ్ళిన మనిషి. మన మలికిపురంలో టేప్‌రికార్డర్లూ సెంటు సీసాలూ అప్పుడప్పుడే దిగుతున్నాయి. ఆయనా అత్తరు తెచ్చేరు, వేలెడంత సీసా. మూత తియ్యగానే “ఇందులో ఏలక్కాయ ఉందండీ” అన్నాను. “నీకు సెంటైనా వంటింట్లోదేనా!” అని ఒకటే నవ్వు.

అసలు బాధ వేరే. మీ అమ్మ ఆయన దగ్గరికి వెళ్ళేది కాదు. ఎత్తుకుంటే గుక్కపెట్టి ఏడుపు. నెల్లాళ్ళ సెలవులో పది రోజులు అలాగే పోయేయి. ఆయన అన్నం సరిగ్గా తినేవారు కాదు.

అప్పుడొకటి కనిపెట్టేనమ్మా. ఆయన అత్తరు రాసుకోగానే మీ అమ్మ ఆయన దగ్గరికి పరిగెత్తుకెళ్ళేది. కాసేపటికే మళ్ళీ ఏడుపు! ఎందుకూ? ఆయన చొక్కా పట్టుకుని మాటిమాటికీ వాసన చూసేదాన్ని. “దీనికేమైనా పిచ్చా” అనేవారు మా అత్తగారు. తేలిందేంటంటే, ఏలక్కాయ ముందు గుప్పున వచ్చి ఎగిరిపోతోంది. తర్వాత ఏదో చెక్క కాల్చిన వాసన, అదే మిగులుతోంది.

మరి ఏలక్కాయంటే మీ అమ్మకెందుకంత ఇదీ? నా తల్లోనే ఉంది! ఏలక్కాయలు అప్పుడూ మండే ధరే కదా, గింజలు పాయసానికి తీసుకుని, తొక్కలు పారెయ్యకుండా కొబ్బరినూనె కాచేటప్పుడు అందులో వేసేవారు మా అత్తగారు. ఆ నూనే నేను తలకి రాసుకునేదాన్ని.

“అత్తరు మానేసి తల వంచండి” అన్నాను. “ఆయ్” అన్నారు, పెద్ద బుద్ధిమంతుడిలా. చెవుల మీద కారేలా రాసేను. సాయంత్రానికి మీ అమ్మ ఆయన భుజం మీద నిద్రపోయింది. అన్నానికి రమ్మంటే చేత్తోనే వద్దన్నారు, కదిలితే లేస్తుందని. కళ్ళమ్మట నీళ్ళు.

నేనూరుకుంటానా? మర్నాడు కుంకుడురసంతో ఆయన తల రుద్దేసేను, చూద్దామని. నూనె లేదు, అత్తరు లేదు, వట్టి మనిషి. ఆయన మొహం బిక్కచచ్చిపోయింది. మీ అమ్మ గుమ్మంలో నించుని చూసింది, చూసింది... వచ్చి ఒళ్ళో కూర్చుంది.

మళ్ళీ గుక్కపెట్టిందంటే సెలవయ్యి ఆయన బస్సెక్కిననాడే, చంక దిగనని... సర్లే. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ, నీవాళ్ళు నీ దగ్గరే ఉండాలి...