గుర్రాన్ని తిప్పింది నేనే

శనివారం పదకొండున్నర. ఆ వేళకి జాగ్రెబ్‌లో ఇంట్లో కూచునేవాడు ఉండడు. మంచి బట్టలేసుకుని, ఊళ్లో నలుగురికీ కనపడేలా వీధిలో కూచుని కాఫీ తాగాల్సిందే. స్లావ్కో కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, మనసులో ఒకటే పట్టుదల. ఇవాళ కోట బురుజు మీద రోజూ పన్నెండింటికి కాల్చే ఫిరంగి పేలేలోగా ఆ మాట అడిగేయాలి, అంతే.

అడగాల్సింది పక్క బల్ల దగ్గర కూచున్న బ్లాజెంకా గారిని. భర్త పోయి నాలుగేళ్లయిన మనిషి. ఎల్లుండి సోమవారం చెల్లెలి ఊరికి పోతోంది, మళ్లీ ఎండాకాలం అయ్యాకే రావడం. అంటే ఇవాళ అడగకపోతే ఇక అడిగినట్టే. అడగాల్సిందేమైనా బ్రహ్మాండమా అంటే, "రేపు మాక్సిమిర్ పార్కుకి వస్తారా?" అని, ఇంతే! నలభై ఏళ్లు గొడుగులు బాగుచేస్తూ వచ్చిపోయే వాళ్లందరి బుర్రలూ తినేసిన ఘనుడికి, ఆరు శనివారాలుగా ఈ ఒక్క మాట గొంతు దాటి రావడం లేదు.

అందుకని ఒక ఉపాయం పన్నాడు. ఏదో ఒక కథ ఎత్తుకోవడం, దాన్ని ఈడ్చుకుంటూ పార్కులోని చెరువు దాకా తీసుకెళ్లడం, అక్కడ ఆపి అడిగేయడం. కథలు చెప్పడం ఆయనకి కొత్త కాదు గదా.

"ఒరే ష్టెఫెక్, ఆ కొండ రైలు చూశావా?" అన్నాడు, పక్క బల్లకి కూడా వినపడేలా. "ఒకప్పుడు దాన్ని నేను ఒంటిచేత్తో నెట్టాను."

ఒకే బల్ల దగ్గర కూచున్న పాత స్నేహితుడు ష్టెఫెక్ ముప్పై ఏళ్లు ట్రాము నడిపినవాడు. వీధి చివర కొండెక్కుతున్న ఆ బుల్లి పెట్టె వంక ఓసారి చూసి, "అరవై ఆరు మీటర్ల రైలు. ఎక్కి కూచునేలోగా దిగమంటారు. దాన్ని నెట్టడమేంట్రా?" అన్నాడు.

"చెప్పనివ్వరా బాబూ! ఆ ఏడు మంచు పడింది. ఏం మంచనుకున్నావ్? చౌకులో గుర్రం విగ్రహం లేదూ, దాని మెడ దాకా. ఊరంతా తోక కింద కలుసుకుంటారు కదా, ఆ ఏడు తోక ఎక్కడుందో కనపడక ఎన్ని పెళ్లిసంబంధాలు చెడిపోయాయో! రైలు సరిగ్గా నడిమధ్యలో ఆగిపోయింది. లోపల ఇరవై ఎనిమిది మందిమి. మూడు రోజులు!"

"పక్కనే మెట్లున్నాయి కదా, దిగి నడవకపోయారా?" అన్నాడు ఇవిత్సా. ఆ బల్ల దగ్గరే ఉన్న ఈ రెండో స్నేహితుడు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాడు, ఏదీ ఊరికే ఒప్పుకోడు.

"మెట్లెక్కడివి? మంచు కింద! మూడో రోజుకి ఆకలితో ప్రాణాలు కళ్లలోకొచ్చాయి. అందరికీ కలిపి ఒక ముసలావిడ దగ్గర గిన్నెడు ష్ట్రుక్లి ఉన్నాయి. లోపల చీజు, పైన మీగడ, పొగలు కక్కుతూ..."

"మూడో రోజు కూడానా?"

"ఆవిడ చేతి వంట అలాంటిది మరి!"

పక్క బల్ల దగ్గర చెంచా చప్పుడు ఆగింది. వింటోంది! స్లావ్కోకి ఒళ్లంతా వెయ్యేనుగుల బలం వచ్చింది. గడియారం చూశాడు. పన్నెండుకి పన్నెండు నిమిషాలు.

"ఇక లాభం లేదని దిగి వెనకనించి ఒక్క తోపు తోశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పై స్టేషన్లో ఆగితే కదా! పట్టాలైపోయాయి, రైలు ఆగలేదు. రోడ్డు దాటింది, ఎదురుగా బురుజు, బురుజు మెట్లన్నీ గిరగిరా తిరుగుతూ ఎక్కేసి తిన్నగా ఫిరంగి గదిలోకి పోయి ఆగింది."

"బురుజు తలుపు వెడల్పెంతో నీకు తెలుసా?" అన్నాడు ఇవిత్సా.

"పక్కకి తిప్పి తోశాన్లే! నువ్వు లెక్కలాపు. అక్కడ ఫిరంగి కాల్చే ఆయన బావురుమని ఏడుస్తున్నాడు. ఫిరంగిలో కూరే కాగితమంతా మంచుకి తడిసి ముద్దయిపోయింది, పన్నెండుకి ఒక్క నిమిషం ఉంది. 'స్లావ్కో గారూ, ఇవాళ ఇది పేలకపోతే ఈ ఊళ్లో ఒక్క గడియారమూ దారిన ఉండదు, ఒక్కడికీ భోజనం వేళ తెలియదు, మీరే దిక్కు' అని నా కాళ్లు పట్టుకున్నాడు. నేనా వదిలిపెట్టేది? ఆ ష్ట్రుక్లి గిన్నె అందుకుని మొత్తం ఫిరంగిలో కూరేశాను!"

"అయ్యో, మీగడతో సహానా?" ష్టెఫెక్ నిజంగానే బాధపడ్డాడు.

"మీగడతో సహా! పేల్చాను. అసలు ఆ మోతకి ఏమైందో తెలుసా? చౌకులో గుర్రం ఉత్తరం వైపు చూసేదా, ఉలిక్కిపడి గిర్రున దక్షిణానికి తిరిగింది. ఇవాళ్టికీ అలాగే ఉంది, పోయి చూసుకోండి."

"ఒరే, ఒరే," ఇవిత్సా కప్పు కింద పెట్టాడు. "సర్కారు వాళ్లు దాన్ని ఊడదీసి తీసుకుపోయి, నలభై ఏళ్ల తర్వాత తెచ్చి దక్షిణం ముఖంగా పెట్టారు. నేను దగ్గరుండి చూశాను."

"పెట్టింది వాళ్లు. తిప్పింది నేను!"

చుట్టుపక్కల బల్లల వాళ్లు కూడా నవ్వుతున్నారు. బ్లాజెంకా గారు మాత్రం నవ్వడం లేదు. బుగ్గకి చెయ్యి ఆనించి ఈయన వంకే చూస్తోంది. స్లావ్కో కుర్చీ కాస్త అటు జరుపుకున్నాడు. ఇంకెంతో దూరం లేదు, చెరువు దాకా పోతే చాలు.

"ష్ట్రుక్లి ఎగురుతున్నాయి! చర్చి గోపురాల మీదుగా, సంత గొడుగుల మీదుగా, సరిగ్గా మాక్సిమిర్ చెరువులో పడ్డాయి. హంసలన్నీ ఒక్కసారి లేచాయి. పక్కన జూలో సింహం వాసన పట్టి, మీగడ కోసం పిల్లిలా మ్యావ్‌మంది. ఇక అప్పట్నుంచీ ఊరివాళ్లు నన్ను వదిలితే కదా! పదకొండేళ్లు రోజూ ఆ ఫిరంగి నేనే కాల్చాను. చెవుల్లో దూదైనా పెట్టుకునేవాణ్ణి కాదు. నాకది పిచ్చుక కూసినట్టుండేది. ఆ హంసలు ఇప్పటికీ నన్ను చూస్తే వరసగా నిలబడతాయి. నమ్మకపోతే, బ్లాజెంకా గారూ, రేపు మీరు..."

ధన్‌మని ఫిరంగి పేలింది.

పావురాలు లేచాయి. చూడవచ్చిన పరాయి ఊరివాళ్లిద్దరు కెవ్వుమన్నారు. ఊరివాళ్లు మామూలుగా మణికట్టు చూసుకుని గడియారాలు సరిచేసుకున్నారు. పదకొండేళ్లు ఫిరంగి కాల్చిన స్లావ్కో మాత్రం బల్ల కింద ఉన్నాడు. రెండు చెవుల్లో రెండు వేళ్లు, ఇస్త్రీ చొక్కా నిండా కాఫీ.

ష్టెఫెక్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఇవిత్సా కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. స్లావ్కోకి తలెత్తాలంటే చచ్చేంత సిగ్గేసింది. ఇక్కడే ఉండిపోతాను, ఈ బల్ల కిందే, సోమవారం దాకా అనుకున్నాడు.

బల్లగుడ్డ పైకి లేచింది. బ్లాజెంకా గారు వంగి చూస్తోంది.

"పిచ్చుక కూసిందా?" అంది.

స్లావ్కో చెవుల్లోంచి వేళ్లు తీశాడు.

"ఆరు శనివారాలుగా చూస్తున్నాను. పన్నెండవుతోందంటే చాలు, చేతులు కడుక్కోవాలని లోపలికి పరిగెత్తుతారు. ఫిరంగి పేలాక చెవులు రుద్దుకుంటూ బయటికొస్తారు. ఇవాళ కోతల్లో పడి మర్చిపోయారు, పాపం."

"చిన్నప్పట్నుంచీ భయమండీ," అన్నాడు స్లావ్కో. ఆ పూట ఆయన నోటివెంట వచ్చిన మొదటి నిజం అది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. "ఆరు శనివారాలూ... నన్నే చూస్తున్నారా?"

"చేతులు కడుక్కునే గది వైపు కుర్చీ తిప్పుకుని కూచునే ఆడమనిషిని ఎక్కడైనా చూశారా మీరు?"

నవ్వులు ఆగిపోయాయి. ష్టెఫెక్ చెవి ఇటు పడేశాడు. స్లావ్కో బల్ల కిందనించే, కాఫీ చొక్కాతోనే, హంసలూ సింహాలూ ఏమీ లేకుండా అడిగేశాడు.

"రేపు మాక్సిమిర్ పార్కుకి వస్తారా?"

"పదింటికి. గుర్రం తోక కింద," అంది బ్లాజెంకా గారు, చేతిసంచీ భుజాన వేసుకుంటూ. "తోక ఎటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తిప్పింది మీరే కదా."