జుమాను దించమన్నది నేనే

తేదీ 14-08-2025, గురువారం. సమయం ఉదయం 10.40 గంటలు. మెరైన్ పోలీస్ స్టేషన్, విశాఖపట్నం.

నా పేరు మైలపల్లి దాలయ్య. మా నాన్న పేరు నూకరాజు, ఇప్పుడు లేరు. నా వయస్సు 54 సంవత్సరాలు. వృత్తి చేపల వేట. నివాసం జాలారిపేట. ఫైబర్ పడవ ఒకటి, దాని ఇంజను నా పేరు మీద ఉన్నాయి. చదువుకోలేదు. ఎస్.ఐ. సుధారాణి మేడం గారు అడిగిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

ఈ నెల 11వ తేదీ సోమవారం నాడు, సముద్రంలో లంగరు వేసి ఉన్న ఓడ మీద నుంచి జుమా అనే విదేశీ నావికుడిని అనుమతి కాగితం లేకుండా నా పడవలోకి దించి ఒడ్డుకు తెచ్చిన మాట నిజం. దించమన్నది ఎవరని అడుగుతున్నారు. పాస్టరు మోహన్ గారు తానేనని మీకు చెప్పారట. కెన్యా నుంచి వచ్చిన ఒటియెనో గారు కూడా తానేనని చెప్పారట. ఇద్దరూ నన్ను తప్పించాలని చెప్పిన మాటలవి. దించమన్నది నేను. పడవ నాది.

మోహన్ గారిది గోపాలపట్నం. నలభై ఏళ్ళుంటాయి. ఆయన చర్చిలో కంటే రేవులోనే ఎక్కువగా ఉంటారు. వచ్చిన ఓడలెక్కి నావికులతో కూర్చుంటారు, వాళ్ళ ఇళ్ళకు ఫోను కలిపి ఇస్తారు, జబ్బు చేస్తే మందులు తెస్తారు. మొదట్లో నేను నవ్వేవాణ్ణి. “ఓడలోల్లతో నీకేటి పని పాస్టరు గారూ, ఆల్లు రేపు ఎల్లిపోతారు గదా” అన్నాను. “ఎల్లిపోతారనే గదా బావా, ఇయ్యాలే ఎల్లాల” అన్నారు. ఆ రోజు నుంచి నవ్వడం మానేశాను.

మే నెల నుంచి ఒక పాత సరుకు ఓడ బయట లంగరు మీద ఉంది. దాని పేరు నేను చదవలేను. యజమాని వదిలేశాడు. ఫోను చేస్తే ఎత్తడు. లోపల తొమ్మిది మంది మిగిలారు. మోహన్ గారు ఆఫీసుల చుట్టూ తిరిగి, వారానికి రెండుసార్లు వాళ్ళకు బియ్యం, మంచినీళ్ళు పట్టుకెళ్ళడానికి అనుమతి తెచ్చారు. ఆ కాగితంలో నా పడవ నెంబరే ఉంది. సరుకు ఇవ్వడానికే అనుమతి, మనుషులను దించడానికి కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే దించాను.

నేను హిందువును. నా పడవ ముందు భాగంలో గంగమ్మ తల్లి పటం ఉంటుంది. బయల్దేరే ముందు అగరొత్తులు వెలిగిస్తాను. నా మొక్కు అయ్యేదాకా మోహన్ గారు ఒడ్డున ఆగుతారు. ఆయన ప్రార్థన అయ్యేదాకా నేను ఇంజను ఆన్ చెయ్యను. రెండేళ్ళుగా మా ఇద్దరికీ ఇదే అలవాటు.

ఒటియెనో గారు ఈ నెల 4వ తేదీన వచ్చారు. ఆయనకు 61 ఏళ్ళు. ముందు ఓడల్లో వంటవాడు, ఇప్పుడు మొంబాసా రేవులో పాస్టరు. ఏడాదికోసారి ఏదో ఒక దేశం వెళ్ళి, ఒంటరిగా పనిచేసే ఇలాంటి పాస్టర్ల ఇంట్లో కొన్నాళ్ళు ఉంటారట. టిక్కెట్టుకు వాళ్ళ చర్చిలో చేపలమ్ముకునే ఆడవాళ్ళు చందాలు వేసుకున్నారని మోహన్ గారు చెప్పారు. అది విని మా ఆవిడ అప్పాయమ్మ, “మనలాంటోల్లు పంపితే వచ్చినాడా” అని ఆయనకు వంజరం ముక్కలు వేయించి పంపింది. మోహన్ గారి భార్య సత్యశ్రీని ఆయన మొదటి రోజే అడిగారట, మీ ఆయన ఓడల మీదికి వెళ్తే నీకు నిద్ర పడుతుందా అని. పన్నెండేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదని ఆమె ఏడ్చిందట. ఆయనకు తెలుగులో ఒక్క ముక్కే వచ్చింది. నా కంటే ఏడేళ్ళు పెద్దాయన, నన్ను “అన్నా” అంటారు.

11వ తేదీ ఉదయం 7.10కి బయల్దేరాం. పడవలో నేను, మా అల్లుడు అప్పలరాజు, మోహన్ గారు, ఒటియెనో గారు. గాలి నైరుతి నుంచి ఉంది. కెరటం పెద్దది. ఒటియెనో గారు మూడుసార్లు వాంతి చేసుకున్నారు. వెనక్కి వెళ్దామా అంటే చెయ్యి ముందుకే చూపించారు.

8.40కి ఓడ చేరాం. ఎప్పుడూ పైనుంచి చేతులు ఊపేవాళ్ళు ఆ రోజు ఊపలేదు. తాళ్ళ నిచ్చెన వేసి గబగబా రమ్మన్నారు. ఒటియెనో గారు, మోహన్ గారు, నేను ఎక్కాం. పడవ అప్పలరాజు చూసుకున్నాడు. ఇంజను గదిలో పనిచేసే జుమా డెక్కు మీద ముడుచుకుని పడి ఉన్నాడు. టాంజానియా మనిషి, 38 ఏళ్ళు. మూడు రోజులుగా కడుపునొప్పి. ఒళ్ళు కాలిపోతోంది. పొట్ట బల్లలా ఉంది. ఓడలో రేడియోకి కరెంటు లేదు.

9.05కి మోహన్ గారు తన ఫోను నుంచి కోస్టుగార్డు సహాయం నెంబరుకు చేశారు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. వాళ్ళ బోటు దూరంలో మునిగిపోతున్న మరబోటు దగ్గర ఉందని, రావడానికి మూడు గంటలు పడుతుందని చెప్పారు. మా తమ్ముడు ఇలాగే పొట్ట పట్టుకుని పడవలో చనిపోయాడు. అప్పుడు ఒడ్డు కనబడుతూనే ఉంది. అందుకని మూడు గంటలంటే ఏమిటో నాకు తెలుసు.

మోహన్ గారు నా వైపు చూశారు. ఏమీ అడగలేదు. ఆ మాట స్పష్టంగా రాయండి, ఆయన ఏమీ అడగలేదు.

నేనే అన్నాను, “దించీయండి. నా పడవలో తీసుకుపోదాం.”

“కాగితం లేదు బావా. పడవ పట్టుకుపోతారు, కేసవుద్ది” అన్నారు మోహన్ గారు.

“పడవ నాది. పట్టుకుపోతే నన్ను అడగమను” అన్నాను.

జుమా రానన్నాడు. కాగితాలు లేకుండా దిగితే జైల్లో వేస్తారని అతని భయం. ఒటియెనో గారు అతని పక్కన డెక్కు మీదే పడుకుని, చెవి దగ్గర వాళ్ళిద్దరికీ వచ్చిన భాషలో చాలాసేపు మాట్లాడారు. జైలుకే అయితే నేనూ నీతో వస్తాను, నువ్వు ముందు బతుకు అని చెప్పారట. తర్వాత మోహన్ గారు నాకు చెప్పారు. అప్పుడు జుమా తల ఊపాడు.

నిచ్చెన దిగే శక్తి అతనికి లేదు. పడవలోని వల పైకి లాగించాను. నాలుగు మడతలు వేసి, అడుగున పలక పెట్టి, అతన్ని అందులో పడుకోబెట్టి నాలుగు మూలలా తాళ్ళు కట్టాను. ఆ ముడులు నేనే వేశాను. మోహన్ గారిని ముందు పడవలోకి దింపాను. కెరటం పడవను ఇద్దరు మనుషుల ఎత్తు లేపుతోంది, దింపుతోంది. కెరటం లేచినప్పుడు మనిషి పడవకు తగలాలి. ముందైతే ఓడకు కొట్టుకుంటాడు, వెనకైతే నీళ్ళలో పడతాడు. “మావా, నువ్వు సెప్పు, నాను పడవ ఆపుతాను” అని అప్పలరాజు కింద నుంచి అరిచాడు. ఓడవాళ్ళు ఎనిమిది మంది తాళ్ళు పట్టుకుని అతన్ని పడవ పైదాకా దింపి ఆపారు. రెండు కెరటాలు వదిలేశాను. మూడోది లేచేటప్పుడు వదలమన్నాను. ఎనిమిది మందీ ఒక్కసారే తాళ్ళు వదిలారు. మోహన్ గారి ఒళ్ళో పడ్డాడు. తల కూడా అదరలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా సముద్రం మీద ఉన్నాను, అంత బాగా దించిన పని ఇంకొకటి లేదు. ఇది కూడా రాయండి.

9.50కి బయల్దేరాం. 11.20కి జెట్టీకి వచ్చాం. మోహన్ గారే దారిలో మీ స్టేషనుకు, అంబులెన్సుకు ఫోను చేశారు. దాక్కోలేదు. మీవాళ్ళు నా పడవ కట్టేశారు. ఒటియెనో గారి పాస్‌పోర్టు తీసుకున్నారు. ఆయన చెప్పినట్టే జుమాతో ఆస్పత్రికి, అక్కడి నుంచి స్టేషనుకు వచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపరేషన్ చేశారు. లోపల పేగు పగిలిందని, ఇంకో రెండు గంటలైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు గారు చెప్పారు.

మూడు రోజులుగా నాకు వేట లేదు. అప్పాయమ్మ మొదటి రోజు నన్ను తిట్టింది, “పడవ పోతే ఏటి తింటాం” అని. రెండో రోజు గంజి కాచి ఆస్పత్రికి పట్టుకెళ్ళింది. నువ్వు పేషెంటుకు ఏమవుతావని నర్సు అడిగితే, “మా ఆయన దించిన మనిషి” అని చెప్పిందట. మా పేటలో ఇప్పుడు అందరికీ అదే చెబుతోంది.

నిన్న మధ్యాహ్నం అధికారులే బోటు పంపి మిగతా ఎనిమిది మందినీ దించారు. మూడు నెలలు కదలని పని మూడు రోజుల్లో కదిలింది. నేను జెట్టీ దగ్గరే ఉన్నాను. దిగిన ప్రతివాడూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

మతం కాని మతం వాళ్ళ పనికి నువ్వెందుకు వెళ్ళావని మేడం గారు అడిగారు. వాళ్ళు సముద్రం మీద ఉన్నారు, నేనూ సముద్రం మీద ఉన్నాను. ఒటియెనో గారికి ఎల్లుండి శనివారం విమానం ఉంది. ఇంకో రేవులో ఇంకో పాస్టరు ఆయన కోసం చూస్తున్నాడట. ఆయన తప్పు లేదు కాబట్టి పాస్‌పోర్టు ఇచ్చేయమని అడిగాను. ఈ వాంగ్మూలం అవ్వగానే ఇచ్చేస్తామని, నా పడవ సంగతి మాత్రం పైవాళ్ళు తేల్చాలని మేడం గారు చెప్పారు. సరేనన్నాను.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట “పాస్టరు మోహన్ సూచన మేరకు” అని ఉంది. అది కొట్టేయించి “నా సొంత నిర్ణయం మేరకు” అని రాయించాను. ఇప్పుడు ఇందులో ఉన్న ప్రతి మాటా నిజం, ప్రతి మాటా నాది. వేలిముద్ర వేస్తున్నాను.

మైలపల్లి దాలయ్య
(ఎడమ బొటనవేలి ముద్ర)

నా సమక్షంలో, అతను చెప్పినది చెప్పినట్టు రాసి, కొట్టివేత దగ్గర కూడా వేలిముద్ర తీసుకున్నాను.
కె. సుధారాణి, ఎస్.ఐ.