అత్తయ్య గట్టు

"ఆ మాట తీయించేదాకా నేను గడప దాటనమ్మాయ్!"

ఆహ్వానపత్రం మీద వేలు పెట్టి అత్తగారు ఆ మాట అనడం అది మూడోసారి. ఊళ్లో మంచి కట్టడాలకు నగరపాలక సంస్థ ఇచ్చే బహుమతి ఈసారి కోడలు గీసిన బస్‌స్టాపుకి వచ్చింది.

"నేనేం చెయ్యను అత్తయ్యా? గుర్తుకోసం నక్షా మీద 'అత్తయ్య గట్టు' అని రాసుకున్నా. వాళ్లు అదే దాని పేరనుకుని అచ్చేశారు."

"నవ్విపోరూ! కోడలు అత్తను గట్టెక్కించిందంటారు."

"అననీండి. బస్‌స్టాపులో సంచులు కింద పెడితే మళ్లీ వంగి ఎత్తలేక చస్తున్నానని మీరు సణక్కపోతే, నడుమెత్తున గట్టు కట్టాలని నాకు తట్టేదా?"

"టేపు పెట్టి నా నడుమెత్తు కొలిస్తే బట్టలు కుట్టిస్తావేమో అనుకున్నాను. అయినా సణుగుడికి బహుమతులేమిటే?"

"ఇచ్చారుగా! ఎంపిక చేసేవాళ్లు ఓ పూటంతా అక్కడే నిలబడి చూశారట. వచ్చినవాళ్లందరూ సంచీ గట్టు మీద పెట్టి 'హమ్మయ్య' అన్నారట."

"అందరూనా?"

"మగాళ్లు కూడా. మీరు పక్కన లేకపోతే నేను వేదికెక్కను అత్తయ్యా."

ఎవరెవరో అన్న ఆ 'హమ్మయ్య' తన నడుముకే తగిలినట్టయింది అత్తగారికి. ఆహ్వానపత్రాన్ని మడత నలగకుండా కవరులో పెట్టింది.

అన్నాల దగ్గర అందరూ కూర్చున్నాక, గొంతు పెంచకుండానే చెప్పింది.

"ఆదివారం నేనూ వేదికెక్కుతున్నా. కారొద్దు, అందరం బస్సులోనే వెళదాం. నా సంచీ నా గట్టు మీద పెట్టాలి."