నాన్న తుడిచే కత్తి

"ఏడాదైంది నేను నా కత్తి తుడిచి. కడగను, నూనె రాయను. అయినా రోజూ పొద్దున్నే దానిలో మొహం చూసుకోవచ్చు, తెలుసా?" అని మొదలెట్టాడు గాలిపటం.

ఇంటి ముందు గదిలో సెలూన్ నడుపుతాడు. నోరు తెరిస్తే నేలకి దిగడని అందరూ కలిసి పెట్టిన పేరు అది. మధ్యాహ్నమే గానీ మబ్బు పట్టి, లోపల అద్దం నల్లగా కనిపిస్తోంది. బయట వాన. అరుగు మీద ఇంకో ఇద్దరు. ఎదురు కొట్టు దర్జీ, అప్పుడే గడ్డం గీయించుకుని చెవి వెనక నురుగు మర్చిపోయిన టీకొట్టాయన. ఆ గీసిన కత్తి, పాతకాలపు మడత కత్తి, లోపల బల్ల మీద నురుగుతోనే పడుంది.

"తుప్పు పట్టదా అన్నా?" అన్నాడు టీకొట్టాయన.

"ఎందుకు పడుతుంది? మా నాన్న వచ్చి తుడుస్తాడుగా."

"ఆయన పోయి ఏడాదైంది కదా!"

"అదేగా చెప్తున్నా! ఆయన పోయిన నెలకి, ముగ్గురికి గీసి, బద్ధకమేసి తడి కత్తి బల్ల మీద పారేసి లోపలికెళ్ళా. పొద్దున్నే చూద్దును కదా, తళతళా! నూనె రాసి, సగం తెరిచి, అంచు గోడవైపు తిప్పి ఉంది. అలా పెట్టేది మా నాన్న ఒక్కడే. సరే చూద్దామని మర్నాడు చెంబు నీళ్ళలో ముంచా. పొడిగా బల్ల మీదుంది. ఇలా కాదని తీసుకెళ్ళి నూతిలో పడేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తేలిందా బావా?" అన్నాడు దర్జీ.

"తేలడమేంట్రా! కత్తి బల్ల మీదుంది, నూతిలో చుక్క నీళ్ళు లేవు. కత్తికి తడి పడదని నుయ్యంతా తుడిచేశాడు మా నాన్న!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. గాలిపటమూ నవ్వాడు. నుయ్యి అబద్ధం. చెంబూ అబద్ధమే. సగం తెరిచిన కత్తి మాత్రం అబద్ధం కాదు. అది తలుచుకుంటే వేళ్ళు చల్లబడతాయి, అందుకే దాని మీద ఇన్ని మాటలు కప్పుతున్నాడు. నాన్న ఉండగా ఒకసారి తడి కత్తి మడిచేసి తుప్పు మచ్చ తెప్పించాడు. "తుడిచాకే నాతో మాట్లాడు" అన్నాడు తండ్రి. మొండికేసి తుడవలేదు. ఆ వారమే ఆయన పోయాడు. ఇప్పుడు గుడ్డ అందుకోబోయి వదిలేస్తాడు. వచ్చి తుడిచేది నాన్నే అయితే కోపం పోయినట్టే కదా అని ఒక పిచ్చి ఆశ.

"ఒకరోజు పెందలాడే లేచా. ముందు గదిలో తోలుపట్టీ మీద కత్తి నూరుతున్న చప్పుడు. టప్... టప్... వచ్చి చూస్తే ఎవరూ లేరు. అద్దంలో ఉన్నాడు! ఇటు ఖాళీ, అటు మా నాన్న. అప్పుడే ఒకాయనొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను చెయ్యి వెయ్యలేదు, ఒట్టు. అద్దంలో నాన్న గీస్తుంటే ఇక్కడ వెంట్రుకలు రాలాయి."

"ఆ మనిషి ఏమయ్యాడు?" టీకొట్టాయన గొంతు తగ్గింది.

"ఆ రోజు నుంచి గడ్డం మొలవలేదు. మొలిచేది అద్దంలో! ఇటు నున్నటి బుగ్గ, అటు బొడ్డు దాకా గడ్డం. ఇంట్లో అద్దాలన్నీ గోడకి తిప్పేసుకున్నాడు పాపం. ఇప్పుడా గడ్డం అద్దం చట్రం కిందనుంచి బయటికొస్తోందట!"

టీకొట్టాయన లోపలి అద్దం వైపు ఓరగా చూసి బుగ్గ తడుముకున్నాడు.

"ఇక ఆ నూనె సంగతి! అది ఈ లోకంది కాదు. కావాలంటే వాసన చూడు" అని బల్ల మీది గుడ్డ తెచ్చి దర్జీ చేతికిచ్చాడు.

దర్జీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "బావా, ఇది నా కుట్టుమిషన్ నూనె. అక్క నెల నెలా సీసాలో పోయించుకెళ్తుంది. ఎందుకక్కా అంటే కత్తికి అంటుంది."

"తెగింది దారం!" అని టీకొట్టాయన తొడ కొట్టుకుని నవ్వాడు.

నవ్వులకి గాలిపటం భార్య గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వా తుడిచేది?" అన్నాడు గాలిపటం.

"నేనే. మావయ్య పోయేముందు చెప్పారు. 'వాడు తుడవడు, నువ్వు చూసుకో అమ్మా. వాడికి తెలియనివ్వకు, చిన్నబుచ్చుకుంటాడు' అని."

గాలిపటం గుమ్మం దగ్గరికి జరిగాడు. "మరి అలా సగం తెరిచి, గోడవైపు తిప్పి... ఆయన్ని చూసి నేర్చుకున్నావా?"

"తెరిచి ఎందుకు పెడతానండీ, పిల్లలు తిరిగే చోట? మడిచి డబ్బాలో పెట్టి మూతేస్తా" అని లోపలికెళ్ళిపోయింది.

అరుగు మీద వాళ్ళింకా నవ్వుతున్నారు. ఇంత కథ నోటిదాకా వచ్చింది. మొదటిసారి మింగేశాడు. లోపలికెళ్ళి కత్తి కడిగాడు. మొద్దు వైపు నుంచి అంచు వైపుకి, నాన్న చెప్పినట్టే, మెల్లగా తుడిచాడు. నూనె రాశాడు. సగం తెరిచి, అంచు గోడవైపు తిప్పి పెట్టాడు.

"తుడిచాను నాన్నా" అన్నాడు.

అద్దం వైపు చూడకుండా, జవాబు కోసం నిలబడ్డాడు.