మంద లెక్క పరాయోనికి చెప్పరు

మహబూబ్‌నగర్ మేజిస్ట్రేటు కోర్టు. బ్యాంకు ఖాతాలో ఆపి ఉంచిన సొమ్మును తిరిగి ఇప్పించమని పెట్టుకున్న దరఖాస్తులో అర్జీదారు వాంగ్మూలం. తేదీ 19 నవంబర్ 2024. ప్రమాణం చేయించి, సాక్షి చెప్పిన మాటల్లోనే రాసుకున్నది.

నా పేరు బీరయ్య. మా నాయిన సాయన్న, కాలం జేసిండు. నా వయసు యాభై దగ్గర. కోయిలకొండ మండలం ఎర్రగట్టుపల్లి మా ఊరు. గొర్లు కాస్త. నా భార్య గుర్వమ్మ. బిడ్డ సుస్మిత పాలమూరుల డిగ్రీ చదువుతాంది. నాకు చదువు రాదు.

ఎండకాలం మేత కోసం మందను కృష్ణ దిక్కు తోలుకపోత. వానలు గట్టిగ పడ్డంకనే ఇంటికి మలుపుత. బ్యాంకు ఖాతా నా పేరు మీద ఉన్నది. దానికి కలిపిన ఫోను మాత్రం ఇంట్ల గుర్వమ్మ దగ్గరుంటది. మందెంట తిరిగేటోనికి పెద్ద ఫోనెందుకని నేనే ఇచ్చిన. బక్రీద్‌కు పొట్టేళ్లు అమ్మిన పైసలు ఆ ఖాతాలనే ఉండె. వాటితోనే బిడ్డ ఫీజు కట్టాలె, పిల్లగొర్లు కొనాలె.

జూన్ ఆఖర్ల ఇంటికి ఫోనొచ్చింది. చేసినోడు గొర్ల బీమా ఆఫీసోన్నన్నడు, పేరు మల్లికార్జున్ అన్నడు. పోయిన యాడాది రోగమొచ్చి మా గొర్లు కొన్ని సచ్చినయి. వాటి పైసలు మంజూరైనయి, ఖాతాల ఎయ్యాలె అన్నడు. వారం దినాలు రోజూ చేసిండు. గుర్వమ్మ రోజూ మాట్లాడింది. ఫోన్ల మాటలు వాటంతట అవే రికార్డయ్యేటట్టు మా బిడ్డ పెట్టి ఉంచింది. తర్వాత నేను కొన్ని విన్న. మొదటి రోజు "చెప్పున్రి" అన్నది. మూడో రోజు "తిన్నరా సార్" అన్నది.

మా పెండ్లై ఇరవై రెండేండ్లు. నన్ను తిన్నవా అని అడగలే. గిన్నె ముందట పెట్టి పోతది. నెలలకు నెలలు ఎండల తిరిగి, బండల మీద పండి ఇంటికొస్తె గూడ అడగలే. మొకం తెల్వనోన్ని అడిగింది. వాడు "ఇంకా లేదమ్మా" అంటె "అయ్యో, టయానికి తినాలె సార్" అన్నది. గీ ముచ్చట కేసుకు పనికిరాదని గుమస్తాగారు అంటున్నడు. రాసుకోమని జడ్జి మేడమ్ చెప్పింది.

ఆఖరి రోజు వాడు ఆమెతోని ఫోన్ల ఏదో యాప్ ఎయ్యించిండు. ఫోనుకు నంబర్లొచ్చినయి. ఆమె ఒక్కొక్కటి చదివి చెప్పింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అయ్యింది. మూడు సార్లు కలిపి లక్షా ఎనభై ఆరు వేలు పోయినయి. ఆ దినం సుస్మిత ఇంట్లనే ఉన్నది. మెసేజిలు చూసి అప్పటికప్పుడు సైబర్ మోసాల 1930 నంబరుకు ఫోను చేసింది. ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్నింటికి పోయింది, అన్నీ చెప్పింది. వాళ్లు ఫిర్యాదు నంబరిచ్చిన్రు. తెల్లారి బ్యాంకుల కాయితం రాసిచ్చి, ఠాణాల కేసు పెట్టింది. ఆలస్యం చెయ్యలేదు గనుక నరేష్ అనేటోని ఖాతాల తొంభై రెండు వేలు ఆగినయని పోలీసులు చెప్పిన్రు. మిగిలినవి అప్పటికే వేరే ఖాతాలకు దాటినయి. పైసలు ఆపుడు ఫోనుతోని అయితది గాని తెచ్చుకునుడు కోర్టు ఆర్డరుతోనే అయితదని మా వకీలమ్మ స్నేహలత గారు చెప్పి, కేసు కాయితాలు, బ్యాంకు కాయితాలు పెట్టి ఈ దరఖాస్తు ఏసింది. ఖాతా నాది గనుక నేను వచ్చి చెప్పాలె అన్నది.

ఖబరు అందంగనే మందను మా తమ్మునికి అప్పజెప్పి ఇంటికొచ్చిన. పైసల గురించి నేను అడగలే. ఇంకేమేం చెప్పినవ్ వానికి అని అడిగిన. గుర్వమ్మ గిన్నె నా ముందట పెట్టి పోయింది. సుస్మిత చెప్పింది, "అన్నీ అడిగిండు నాయినా. మంద లెక్క గూడ అడిగిండు. అమ్మ చెప్పింది."

మేడమ్, మా గొర్లు కాసేటోళ్లల్ల మంద లెక్క పరాయోనికి చెప్పరు. ఎన్నున్నయంటె "ఉన్నయి తియ్" అంటం. చెప్తె దిష్టి తగుల్తది, మంద తరుగుతది. మా మంద లెక్క నాకు, గుర్వమ్మకు తప్ప ఎవ్వరికీ ఎరుకలేదు. తమ్మునికి ఎరుకలేదు, కన్న బిడ్డకు ఎరుకలేదు. ఆ లెక్క మా ఇద్దరిది. దాన్ని వానికి చెప్పింది. తిన్నరా అని అడిగింది, లెక్క గూడ చెప్పింది. ఆ దినం నుంచి నేను ఇంట్ల పండలే, దొడ్డి కాడ పండిన. ఆమెతోని మాట్లాడలే.

నరేష్ తరఫు వకీలు నన్ను ఒకటి అడిగిండు. "మీ ఊరి హోటల్ కాడ 'నా భార్య ఇష్టంతోనే ఇచ్చింది' అని అన్నవా లేదా" అని. అన్న. నలుగురి ముందు అన్న. కడుపు మండి అన్న. ఇష్టమంటె నేను అన్నది పైసల ఇష్టం కాదు.

పోయిన వాయిదాకు నరేష్ ఏసిన జవాబు కోర్టుల చదివిన్రు. ఆపిన పైసలు నావే, బీరయ్య భార్య నా దగ్గర ఇరవై గొర్లు కొని కట్టింది, జూన్ ఆఖర్ల నేనే వాళ్ల దొడ్డికి తోలిచ్చిన, అప్పటికే దొడ్ల అరవై గొర్లున్నయి, నా కండ్లతోని లెక్కవెట్టిన అని రాయించిండు. వానికి మేకతోక గూడ లేదు. జూన్ల మా దొడ్డి ఖాళీ, మంద కృష్ణ ఒడ్డున ఉన్నది. అయినా నేను ఆ అరవై కాడనే ఆగిపోయిన. మా మంద అరవై కాదు. అరవై దగ్గర గూడ కాదు.

బయటికొచ్చినంక వకీలమ్మ, మంద లెక్క అడిగిన నాటి ఫోను రికార్డు పెట్టింది. అది అంతకుముందు నేను వినలే, వినబుద్ధి గాలే. "మొత్తం ఎన్ని గొర్లమ్మా" అని వాడు అడిగిండు. గుర్వమ్మ "ఓ అరవై ఉంటయి సార్" అన్నది. ఆ అరవై అన్న మాట ఆమె నోట్లకెళ్లి ఫోన్లనే వచ్చింది, ఇంకెక్కడా లేదు. ఫోనోనికి, నరేష్‌కు సోపతి లేకపోతె అది వీని కాయితంలకు ఎట్లొస్తదని వకీలమ్మ అడుగుతాంది. నేను గూడ అదే అడుగుతున్న.

నా ఎంట కోర్టుకొచ్చిన గుర్వమ్మను బస్టాండుల అడిగిన. అన్ని దినాల తర్వాత అదే మొదటి మాట. "లెక్క తప్పెందుకు చెప్పినవ్?"

"మంద లెక్క పరాయోనికి చెప్తరా?" అన్నది.

"మరి ఫోన్ల నంబర్లు చెప్తివి గద."

"అవి ఫోన్ల వచ్చినయి. మనయా?" అన్నది.

ఆమెను మోసం చేసిన్రు మేడమ్. ఆమె ఇష్టంతోని ఇయ్యలే. హోటల్ కాడ నేనన్న మాట తప్పని ఇక్కడ ప్రమాణం మీద చెప్తున్న. మేము ఇరవై గొర్లు కొనలే, ఒక్కటి గూడ కొనలే. పశువుల డాక్టరును పంపి లెక్కవెట్టించున్రి. ఇప్పుడు మా మందల ఉన్నయి (ఇక్కడ సాక్షి లెక్కను కోర్టుకు మాత్రమే వినపడేటట్టు చెప్పినాడు, విడిగా రాసి ఉంచడమైనది).

ఆ ఫోన్ల గొంతు ఎవనిదో ఇంకా దొరకలే. దొరికితె నాకు ఒక్కపాలి చూపియ్యున్రి. తిన్నడో లేదో నేను అడుగుత.

రాసుకున్నదంత నాకు తెలుగుల చదివి వినిపించిన్రు. నేను చెప్పినట్టే ఉన్నది, అంత నిజం. విడిగ రాసిన మంద లెక్కను మాత్రం మెల్లగ చదవమని అడిగిన. గుమస్తాగారు తలుపు దిక్కు చూసి, గుర్వమ్మ ఒక్కతిని లోపలికి పిలిచి, మెల్లగ చదివిండు. ఆమె గూడ ఔనన్నది.

బీరయ్య ఎడమచేతి బొటనవేలి ముద్ర