విప్పి కుట్టిన మూల

మధ్యాహ్నం. ముందుగదిలో చాప మీద బొంత పరుచుకుని తోడికోడళ్ళిద్దరూ దానికి అంచుపట్టీ వేస్తున్నారు. పక్కగదిలో అత్తగారు మంచం మీద ఉంది. సాయంత్రం ఆవిణ్ణి చిన్నకోడలు తన ఇంటికి తీసుకెళ్ళాలి.

"విప్పు."

"మళ్ళీనా అక్కా?"

"పట్టీని లాగి కుట్టావు. లాగితే అంచు ముడుచుకుపోతుంది. దాని మానాన దాన్ని పడుకోనియ్యి."

"సరే."

"మూల దాకా కుట్టుకుంటూ పోకు. కాస్త ముందే ఆపి, పట్టీని నిటారుగా పైకి మడువు. ఆఁ, ఇప్పుడు కిందికి దింపు. మడత బొంత అంచుకి సమానంగా ఉందా?"

"ఉంది."

"చూసి చెప్పు."

"చూసే చెప్పానక్కా."

"ఏమే, నేను అన్నం తిన్నానా?"

"తిన్నారత్తయ్యా, పడుకోండి... నువ్వు కుట్టు, ఆవిడ అలాగే అడుగుతుంది."

"పొద్దున్నించీ అదే అడుగుతున్నారు."

"లెక్కపెట్టుకుంటే ఉండలేం."

"వెనక్కి తిప్పాక మడత ఎటు వెయ్యను?"

"ముందువైపు ఎటు వేశావో దానికి ఎదురు. లేకపోతే గుడ్డంతా ఒక్కచోటే చేరి మూల ఉబ్బుతుంది. సూది లోతుగా దించకు, దారం అవతల కనపడకూడదు."

"నడుం ఎలా ఉందక్కా?"

"ఉంది."

"మనిషిని ఎత్తడం, దించడం ఇంక మానెయ్యాలని డాక్టరు గట్టిగానే చెప్పాడట. బావగారు అన్నారు."

"మీ బావగారి నోట్లో నువ్వుగింజ నానదు."

"అందుకేగా నేను తీసుకెళ్తానంది."

"అనడానికేం, ఎవరైనా అంటారు. ఏదీ, చూపించు... విప్పు."

"ఇదీ బాలేదా?"

"మూల గుండ్రంగా వచ్చింది."

"వ్యాను వచ్చే వేళైంది."

"వస్తే ఆగుతుంది. ఆవిడ చేత్తో మొదలుపెట్టిన బొంత. అంచు లేకుండా పంపను."

"ఏమే, అన్నం తిన్నానా నేను?"

"తిన్నారత్తయ్యా. ఇందాక నేనే పెట్టాను."

"నువ్వెవరు?"

"మీ చిన్నకోడల్ని."

"పెద్దదేది?"

"ఇక్కడే ఉందత్తయ్యా. నా పక్కనే కూర్చుంది."

"వెళ్ళిపోయిందనుకున్నా."

"ఎక్కడికీ వెళ్ళలేదత్తయ్యా, పడుకోండి... అక్కా, దారం ఎక్కడం లేదా? సూది ఇటివ్వండి, నేను ఎక్కిస్తాను."

"కంట్లో నలక పడింది."

"ఊఁ. ఇటివ్వండి."

"ఇదిగో, తీసుకో. ఆ మూల కూడా కుట్టెయ్యి."

"కుట్టేశానక్కా. చూడండి."

"బాగుంది."

"విప్పనా?"

"వద్దులే. మొదటిసారే బాగా వచ్చింది ఆ మూల. అడిగిందే అడుగుతుందమ్మా ఆవిడ. విసుక్కుంటే పసిపిల్లలా బెదిరిపోతుంది, ఆ పూట ముద్ద ముట్టదు. నువ్వు విసుక్కుంటావో లేదో చూద్దామని విప్పించాను. తప్పుగా అనుకోకు."

"మొదటిసారే బాగుందని నాకూ తెలుసక్కా."

"తెలిసీ ఎందుకు విప్పావే?"

"మీకు ఆవిణ్ణి పంపబుద్ధి కావడం లేదని."